ముఖ్యం, అవసరం, తప్పనిసరి: కరపత్రంలో ఏది ఎక్కడ?

తిరుపతి_డీటీపీ:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక వసతి గృహానికి యాత్రికుల కరపత్రం తయారవుతోంది. రాసిచ్చిన మేటర్‌లో ప్రతి వాక్యమూ ‘ముఖ్యం’తోనే ముగుస్తోంది:

దర్శనానికి ఒరిజినల్ గుర్తింపు కార్డు ముఖ్యం.
ఆర్జిత సేవలకు సంప్రదాయ దుస్తులు ముఖ్యం.
చలికాలంలో కొండ మీద దుప్పటి ముఖ్యం.
గుండె జబ్బు ఉన్నవాళ్లు మెట్లెక్కే ముందు డాక్టర్ సలహా ముఖ్యం.
బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ ముఖ్యం.

ఒకే మాట పదేపదే వస్తోందని ఆవశ్యకం, అనివార్యం, కీలకం, అత్యవసరం అని మార్చి చూస్తే చదవడానికి బాగానే ఉంది. అర్థం మారిపోతోందేమోనని అనుమానం. వీటిలో ఏది ఎక్కడ పెట్టాలి?

చిత్తూరు_తెలుగు_టీచర్:
మాట మళ్లీ వస్తోందన్న ఒక్క కారణానికి మార్చకండి. కరపత్రంలో ‘తప్పనిసరి’ నాలుగుసార్లు వచ్చినా నష్టం లేదు. రెండు నిబంధనలకు రెండు వేర్వేరు మాటలు వాడితేనే, ఒకటి గట్టిది, ఇంకోటి మెత్తది అనుకుంటారు.

ప్రతి వాక్యం దగ్గరా ‘అది లేకపోతే ఏమవుతుంది?’ అని అడగండి. లోపలికి పంపరు అంటే తప్పనిసరి. పంపుతారు గానీ మనమే ఇబ్బంది పడతాం అంటే అవసరం. ఉన్నవాటిలో దీనికి విలువ ఎక్కువ అని చెప్పడానికి ముఖ్యం. ‘గుర్తింపు కార్డు ముఖ్యం’ అని చదివినవాళ్లు కార్డు ఇంట్లో భద్రంగా పెట్టి జిరాక్స్ పట్టుకొస్తారు. తనిఖీ దగ్గర ఆపేస్తే ఆ తప్పు వాళ్లది కాదు, మన వాక్యానిది.

సందేహం తీరకపోతే వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి తిప్పి చూడండి. ‘దుప్పటి అవసరం లేదు’ అంటే చలి ఉండదు, తేనక్కర్లేదు. ‘దుప్పటి తప్పనిసరి కాదు’ అంటే తేకపోయినా ఎవరూ ఆపరు, చలి మాత్రం ఉండొచ్చు. ‘దుప్పటి ముఖ్యం కాదు’ అంటే అంతకంటే పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మూడూ మూడు సంగతులు. ‘అవసరం’ పక్కన ‘లేదు’, మిగతా రెండిటి పక్కన ‘కాదు’ వచ్చాయి చూడండి. అవసరం అనేది ఒకరికి ఉండేది, లేకపోయేది. ‘నాకు అవసరం ఉంది’ అంటాం, ‘నాకు ముఖ్యం ఉంది’ అనం.

ఇంకో మాట. చాలా ముఖ్యం, చాలా అవసరం అనొచ్చు. ‘చాలా తప్పనిసరి’ అనకూడదు, నిబంధనకు ఎక్కువ తక్కువలు ఉండవు.

ప్రూఫ్_రీడర్:
టీచర్ గారు చెప్పింది సరిగ్గా ఉంది. మీరు మార్చి చూసిన మాటల్లో రెండు ప్రమాదకరమైనవి.

అనివార్యం అంటే నివారించలేనిది, ఎంత ప్రయత్నించినా జరిగి తీరేది. ‘బ్రహ్మోత్సవాల రద్దీలో ఆలస్యం అనివార్యం’ చక్కటి వాక్యం. ‘సంప్రదాయ దుస్తులు అనివార్యం’ కుదరదు. బట్టలు మనం ఎంచుకుని కట్టుకునేవి కదా.

అత్యవసరం చూడ్డానికి అతి + అవసరం. వాడుకలో మాత్రం అది ‘చాలా కావాలి’ కాదు, ‘ఇప్పుడే కావాలి’. ఆస్పత్రిలో అత్యవసర విభాగం అన్నా, 1975 నాటి అత్యవసర పరిస్థితి అన్నా అందులో ఉన్నది తొందరే. రోజూ కావలసినదానికి నిత్యావసరం ఉంది. బియ్యం, పప్పు, నూనె నిత్యావసర సరుకులు. 1968 నాటి ఎస్మాని పత్రికలు ‘అత్యవసర సేవల చట్టం’ అని రాస్తాయి గానీ, ఆ చట్టం చూసేది ఆగిపోకూడని సేవల గురించి. అక్కడ ఆవశ్యక సేవలు అంటేనే నప్పుతుంది. పత్రికల్లో పాతుకుపోయింది కాబట్టి ఇప్పుడు మారదు.

ఆవశ్యకం తప్పు మాట కాదు. బస్సు దిగి నిలబడి చదివేవాళ్ల కరపత్రానికి బరువెక్కువ.

పదాల_పిచ్చి:
గరుడ సేవ వాక్యం గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ ‘ప్రధానం’ రావాలి. ఒకే రకం వాటిలో పైస్థానంలో ఉన్నది ప్రధానం: ప్రధాన ద్వారం, ప్రధాన అర్చకులు. ముఖ్యమైనవి పది ఉండొచ్చు, ప్రధానమైనవి ఒకటో రెండో. ‘వాహన సేవల్లో ఐదో రోజు రాత్రి జరిగే గరుడ సేవ ప్రధానమైనది’ అని రాయండి.

పదవుల పేర్లలో మాత్రం ఇష్టానికి మార్చకూడదు. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఒక్కరే. ముఖ్య కార్యదర్శులు శాఖల్లో అనేకమంది. అటుదిటైతే మనిషే మారిపోతాడు.

కీలకం కరపత్రంలో అక్కర్లేదు. ఫలితాన్ని అటో ఇటో తిప్పేదాన్ని కీలకం అంటాం: కీలక సాక్షి, కీలక ఓటు.

ప్రాముఖ్యత, ప్రాధాన్యత కూడా సరిచూసుకోండి. ప్రముఖం నుంచి ప్రాముఖ్యం, ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చేశాయి, మళ్లీ ‘త’ అనవసరం. ఆవశ్యకతకు మాత్రం ‘త’ కావాలి.

ప్రూఫ్_రీడర్:
ఆ చివరి మాటతో సగమే ఏకీభవిస్తాను. వ్యాకరణం మీరన్నట్టే. అయితే ప్రాధాన్యత అందరి నోటా ఉన్న మాట. అచ్చులో ప్రాధాన్యం వాడదాం, ఎవరైనా ప్రాధాన్యత అని రాస్తే ఎర్ర గీత పెట్టనక్కర్లేదు.

తిరుపతి_డీటీపీ:
అందరికీ ధన్యవాదాలండీ. కార్డుకూ దుస్తులకూ తప్పనిసరి, దుప్పటికి అవసరం, గరుడ సేవకు ప్రధానం. నాలుగో వాక్యంలో కూడా ‘డాక్టర్ సలహా తప్పనిసరి’ అని పెట్టేశాను.

చిత్తూరు_తెలుగు_టీచర్:
నాలుగోది మార్చండి. అలిపిరి దగ్గర డాక్టర్ చీటీ చూపిస్తేనే పంపుతామని ఎవరూ అనరు, కాబట్టి తప్పనిసరి అబద్ధమవుతుంది. ‘అవసరం’ అంటే మెత్తబడుతుంది. పైగా ‘ఉన్నవాళ్లు... సలహా ముఖ్యం’ అన్నది అతకలేదు, ఈ మాటలన్నిటికీ ముందు ‘కు’ ఉండాలి: ఉన్నవాళ్లకు. ఇలాంటి చోట ఏ విశేషణమూ వద్దు, క్రియతో చెప్పండి: ‘అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగిన తర్వాతే నడక మొదలుపెట్టండి.’