అప్‌డేట్: తమ్ముడికి రిజెక్షన్ కాదు, పాత ఐజీఏ కిడ్నీ జబ్బే తిరిగొచ్చింది

మూడు వారాల క్రితం అడిగాను కదా, అమ్మ కిడ్నీ పెట్టించుకున్న మా తమ్ముడికి నాలుగేళ్ల తర్వాత మూత్రంలో నురగ, క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది) 1.2 నుంచి 1.7కి పెరిగింది, రిజెక్షనేమో, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొడుతోందేమో అని. బయాప్సీ (సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) ఆలస్యం చేయొద్దన్నవాళ్లందరికీ దండం.

కొత్త కిడ్నీ పొత్తికడుపులో పైపైనే ఉంటుంది కాబట్టి సూది పని తొందరగానే అయిపోయింది. తర్వాత ఆరు గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోవడమే వాడికి నరకం. అమ్మ ప్రతిసారీ మూత్రం సీసా వెలుతురుకి పట్టి ఎర్రగా ఉందేమో చూసింది.

రిజెక్షన్ లేదు. వాడి సొంత కిడ్నీలను పాడుచేసిన ఐజీఏ నెఫ్రోపతీయే (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకునే జబ్బు) మళ్లీ వచ్చింది. కిడ్నీ మారినా, ఆ జబ్బును పుట్టించే ఒళ్లు అదే కదా. "నా కిడ్నీ మంచిది కాదేమో" అని అమ్మ ఒకటే ఏడుపు. డాక్టరుగారు ఆవిడను కూర్చోబెట్టి, "లోపం మీ కిడ్నీది కాదమ్మా" అని నెమ్మదిగా చెప్పారు. ఆ ఒక్క మాటకి ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాం.

టెల్మిసార్టాన్ (బీపీ మాత్రే, మూత్రంలో ప్రోటీన్ పోవడాన్నీ తగ్గిస్తుంది) మొదలుపెట్టారు, ఉప్పు బాగా తగ్గించాం. రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూస్తారు. ఇంకోటి, రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలట. మేం ఇన్నాళ్లూ వేసుకునే వెళ్లాం. మీరలా చేయకండి.