సండేస్కూల్లో పిల్లల్ని అడగనివ్వాలా, వద్దా?

నాగావళి_టీచర్ (శ్రీకాకుళం):
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం ఐగుప్తు తెగుళ్ళ పాఠం, అంటే ఇశ్రాయేలీయుల్ని వదలనన్న ఐగుప్తు రాజు ఫరో మీదికి దేవుడు తెగుళ్ళు పంపిన కథ. ఒక పాప లేచి, "ఫరో మనసు కఠినం చేసింది దేవుడే కదా టీచర్, మళ్ళీ ఫరోనే ఎందుకు శిక్షించాడు?" అంది. నాకు జవాబు రాలేదు, వచ్చే వారం చెప్తానన్నాను. ఆరాధన అయ్యాక ఒక సంఘపెద్ద పిలిచి, "ఇలా అడగనిస్తే విశ్వాసం పోద్దమ్మా. కథ చెప్పి వాక్యం కంఠతా పట్టించండి, చాలు" అన్నారు. ఆ రాత్రే బైబిల్లో ఆ కథ ఉన్న నిర్గమకాండం తీశాను. 8:15లో ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడని ఉంది. యెహోవా కఠినపరచాడన్న మాట 9:12లో. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను, ఆ పాప అడిగేదాకా ఈ తేడా నా కంటపడలేదు. మీరైతే ఏం చేస్తారు?

పాతవిశ్వాసి (విజయనగరం):
ఆ పెద్దాయన సరిగ్గానే చెప్పారమ్మా. లూకా సువార్త 1వ అధ్యాయం చూడండి. ముసలితనంలో కొడుకు పుడతాడని దేవదూత చెప్తే జెకర్యా "ఇది నాకెలా తెలుస్తుంది" అన్నాడు, మూగవాడయ్యాడు.

ఉద్దానం_కుర్రోడు:
అదే అధ్యాయంలో మరియమ్మ కూడా "ఇదెలా జరుగుతుంది" అంది కదండీ. ఆవిడకి జవాబొచ్చింది. సగం చదివి ఆపేస్తే ఎలా? శిష్యుడు తోమా, తిరిగి లేచిన ప్రభువు గాయంలో వేలు పెట్టాకే నమ్మాడు, ఆయన కసిరారా?

పాతవిశ్వాసి:
వేలు పెట్టాడని ఎక్కడుంది? యోహాను 20 తియ్యండి. ప్రభువు పెట్టమన్నారు. తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. అంతే. ముట్టుకున్నాడని లేదు.

బొబ్బిలి_వీణ:
పటాల్లో వేలు పెట్టినట్టే ఉంటది కదండీ.

పాతవిశ్వాసి:
పటాలు చూసి వాక్యం నేర్చుకుంటారేటి?

ఉద్దానం_కుర్రోడు:
వేలు సంగతి ఒగ్గేయండి. ఎనిమిది రోజులాగి తోమా ఉన్నప్పుడు ప్రభువు మళ్ళీ వచ్చారు, అది చూడండి.

పాతవిశ్వాసి:
ఒగ్గేయడమేటి? మీరే అన్నారు. "చూడక నమ్మినవారు ధన్యులు" అన్న మాట మీకు కనబడదు. ఇలాంటి సెల్‌ఫోన్ వేదాంతుల వల్లే మందిరాల్లో బెంచీలు ఖాళీ అవుతున్నాయి.

ఉద్దానం_కుర్రోడు:
బెంచీలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో నన్నడగండి. మా నాన్న జీడితోటల్లో పనిచేశాడు, కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తందో పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేదు. నీళ్ళంటారు, ఎండంటారు, పురుగుమందంటారు. మా పాస్టరుగారికి మాత్రం తేలిపోయింది: "ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం లేదు." డయాలసిస్ చేయించుకుని వచ్చి, చేతికి కట్టుతో పడుకున్న మనిషి తలదగ్గర నిలబడి అన్నాడు. ఆ రాత్రి నాన్న నన్నడిగాడు, "నానేటి సేసినాన్రా?" అని.
ఆ ప్రశ్న పట్టుకునే యోబు గ్రంథం మొత్తం చదివాను. ఏ తప్పూ చేయకుండానే కష్టాలు పడి, ముప్పై అయిదు అధ్యాయాల పాటు దేవుణ్ణి నిలదీసినవాడు యోబు. 42:7లో దేవుడు కోప్పడింది మాత్రం "నీ పాపం వల్లే" అన్న స్నేహితుల మీద. అది చదవకపోతే నేను మందిరం గడప తొక్కేవాణ్ణి కాదు.

గోస్తనీ_77:
పాస్టర్లని తిట్టుకోడానికి వేరే చోటు లేదా?

బొబ్బిలి_వీణ:
నాన్నగారి గురించి బాధగా ఉంది బ్రదర్. ముప్పై అయిదంటే అందులో స్నేహితుల మాటలు కూడా కలిసిపోయాయనుకుంటా.

ఉద్దానం_కుర్రోడు:
నిజమే, కోపంలో లెక్క తప్పాను.

పాతవిశ్వాసి:
ఆ పాస్టరు అన్నది తప్పు బాబూ. అది నేనూ ఒప్పుకోను.
కానీ నా సంగతీ వినండి. మా పెద్దాడు ఇంజినీరింగులో ఉండగా ఒక రాత్రి, "నాన్నా, మార్కు సువార్త చివరి వచనాలు పాత చేతిరాత ప్రతుల్లో లేవట" అన్నాడు. బైబిలు వాడి చేతిలోంచి తీసుకుని మూసేసి, పోయి పడుకోమన్నాను. తర్వాత వాడు మందిరానికి రాలేదు. క్రిస్మస్‌కి ఇంటికొస్తాడు, భోంచేస్తాడు, ఆరాధన టైముకి మేడెక్కి పడుకుంటాడు. ప్రశ్నలు మంచివని ఎలాగంటాను?

ఉద్దానం_కుర్రోడు:
మీవాడు ఒగ్గేసేవాడైతే మిమ్మల్ని అడుగుతాడేటండీ?

పాతవిశ్వాసి:
(గంట తర్వాత) ఆ వచనాలు నిజంగా లేవా?

ఉద్దానం_కుర్రోడు:
16వ అధ్యాయం 9 నుంచి 20 దాకా. నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లో 8తోనే ఆగిపోద్ది. యేసు సమాధి దగ్గరికెళ్ళిన స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు, అంతవరకే.

నాగావళి_టీచర్:
మరి నా ఫరో సంగతి? ఎల్లుండే ఆదివారం.

పాతవిశ్వాసి:
8:15 ముందు చదివించండి, 9:12 తర్వాత. ఆ పైన ఆ పాపనే చెప్పమనండి. చిన్నపిల్లల ముందు ఇవన్నీ వద్దనే ఇప్పటికీ అంటాను. తోమా మాత్రం వేలు పెట్టలేదు.