ఇంట్లో అమ్మకు హాస్పిటల్ మంచం: అద్దెకా, కొనడమా, అసలు అక్కర్లేదా?

కృష్ణలంక_కుర్రాడు
అమ్మకు 74 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి బాల్ (తొడ ఎముక పైకొసన ఉండే గుండు) మార్చారు. వారంలో ఇంటికి పంపుతామన్నారు. ఎత్తు అయిదడుగుల లోపే, బరువు 58 కిలోలు. విజయవాడలో వాకబు చేస్తే చెప్పిన రేట్లు ఇవి: రెండు హ్యాండిళ్ల మంచం (ఒకటి తిప్పితే వీపు వైపు, ఇంకోటి తిప్పితే మోకాళ్ల వైపు లేస్తుంది) అద్దె నెలకు ₹2,500, అడ్వాన్సు ₹5,000. కొత్తదైతే స్పాంజి పరుపుతో కలిపి ₹19,000, వాడినది ₹9,500, మోటారుది ₹48,000. ఆటో ట్రాలీకి ఒక్కో ట్రిప్పు ₹1,000. ఇంట్లో ముగ్గురివీ మూడు మాటలు: అద్దె, కొనుగోలు, ఉన్న నవారు మంచమే చాలు. ఏది నయమో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు
అద్దెకు తెస్తే రానూపోనూ ట్రాలీ 2,000, ఆపైన నెలకు 2,500. నాలుగు నెలలకు 12,000. కొత్తది కొంటే ట్రాలీతో 20,000, తర్వాత 8,000కు అమ్ముడుపోయినా చేతి నుంచి పోయేది అదే 12,000. అంటే కొత్తదానికీ అద్దెకూ నాలుగు నెలల దగ్గర సమానం. వాడినది 10,500 పడుతుంది. 5,000కు అమ్మినా పోయేది 5,500. నెలన్నర దాటితే అద్దె కంటే ఇదే చవక. బాల్ మార్చినవాళ్లకు మంచం అవసరం సాధారణంగా రెండు మూడు నెలలు కాబట్టి నా ఓటు వాడినదానికే. అద్దెకే తెస్తే మాత్రం ఒక్క మాట ముందే రాయించుకోండి: నెల మీద మూడు రోజులైతే మూడు రోజులకే డబ్బులా, మొత్తం నెలకా? అడ్వాన్సులో కోతలన్నీ అక్కడే పడతాయి.

వార్డు_సిస్టర్
మాస్టారు గారూ, లెక్క బాగుంది గానీ అది రెండో ప్రశ్నండీ. మొదటిది మంచం ఎత్తు. మన దగ్గర దొరికే హ్యాండిల్ మంచాలు చాలావరకు ఎత్తు మారనివి. చక్రాలతో కలిపి పరుపు పరిచే రేకు దాకా 21, 22 అంగుళాలుంటాయి. దాని మీద 4 అంగుళాల స్పాంజి పరుపు, ఆపైన ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా వేసే, పంపుతో గాలి నిండే పరుపు) ఇంకో రెండున్నర. దగ్గర దగ్గర 28 అంగుళాలు. అయిదడుగుల లోపు మనిషికి నేల నుంచి మోకాలి మడత దాకా 15, 16 అంగుళాలే ఉంటుంది. అంచున కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి. రాత్రి బాత్రూమ్‌కని జారి దిగబోయి పడేది ఇలాగే. కొత్త బాల్ వేసిన తుంటి మీద పడితే మళ్లీ ఆపరేషన్ థియేటరే. కింద మెట్టు స్టూలు పెడతామంటారు కొందరు, వాకర్ పట్టుకున్న మనిషికి అది ఇంకా ప్రమాదం.

అందుకని ముందు టేపు తీసుకోండి. పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి వెనక మడత దాకా కొలవండి. దానికి రెండు అంగుళాలు కలపండి. పరుపు మీద కూర్చున్నప్పుడు ఉండాల్సిన ఎత్తు అది. మరీ తక్కువైనా మంచిది కాదు. మోకాళ్ల కంటే తుంటి కిందికి దిగితే లేవడం కష్టం, బాల్‌కూ మంచిది కాదు.

పల్లెటూరి_పెద్దాయన
ఎత్తే సమస్యైతే నవారు మంచం ఏం పాపం చేసింది? ఎత్తు సరిగ్గా పదహారు, పదిహేడు. గాలి ఆడుతుంది, వీపు ఉడకదు. ఊళ్లల్లో నెలల తరబడి దాని మీదే చూసుకున్నారు. పదివేలు పోసి ఇనుప మంచం తేవడం షాపువాడికి లాభం.

వార్డు_సిస్టర్
పెద్దాయన గారూ, గాలి ఆడటం నిజమే. కానీ మంచాన ఉన్నవాళ్లకు పుండ్లు పడేది చెమట ఒక్కదానికే కాదు, ఎముక మీద ఒకేచోట బరువు ఆగిపోయి రక్తం ఆడకపోవడం వల్ల. నవారు నడుమ గుంట పడుతుంది. మనిషి ఆ గుంటలోకి జారి, పిర్రల మధ్య ఎముక మీదే బరువంతా పడుతుంది. పక్కకు తిప్పుదామంటే గుంటలోంచి పైకి ఎత్తాలి, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పైగా రెండు కాళ్ల మధ్య దిండు నిలవదు, ఆపరేషన్ కాలు లోపలికి వాలిపోతుంది. తల వైపు లేపడమూ కుదరదు.

మీ మాటలో నాకు నచ్చింది ఒకటుంది, ఇనుప మంచం అందరికీ అక్కర్లేదు. చదునైన చెక్క మంచం ఇంట్లో ఉంటే, దాని మీద గట్టి పరుపు, వెనక మడత బ్యాక్‌రెస్ట్ పెడితే కొందరికి సరిపోతుంది. తనంతట తాను పక్కకు తిరగగలిగి, వాకర్‌తో నాలుగడుగులు వేయగలిగితే ఇనుప మంచం దండగే.

ఫిజియో_గుంటూరు
రెండు హ్యాండిళ్ల గురించి ఒక హెచ్చరిక. వీపు ఒక్కటే లేపితే మనిషి కిందికి జారుతుంది, తోలు ఒకవైపు, ఎముక ఒకవైపు లాగి పిర్ర మీద పుండు పడుతుంది. అందుకే ముందు మోకాళ్ల హ్యాండిల్ కొంచెం, తర్వాత వీపుది తిప్పమంటాం. దించేటప్పుడు ముందు వీపు, ఆ తర్వాత మోకాళ్లు. ఇది అందరికీ వర్తిస్తుంది.

కానీ బాల్ మార్చినవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. వీపు 70 డిగ్రీలు, తొడ 35 డిగ్రీలు లేపారనుకోండి, తుంటి దగ్గర వంపు 105 అవుతుంది. 90 దాటొద్దని చెప్పి పంపేది అందుకే, బాల్ తప్పుకోవచ్చు. వీపు 40, మోకాళ్లు 15 అంటే మొత్తం 55, ఇబ్బంది లేదు. అన్నం తినేటప్పుడు ఇంకాస్త నిటారుగా కావాలంటే మోకాళ్ల వైపు పూర్తిగా దించేసి వీపు 60 దాకా తీసుకెళ్లండి. మీ సర్జన్ ఇంతకంటే తక్కువ చెబితే ఆయన మాటే. హ్యాండిల్ ఎన్ని చుట్లు తిప్పితే 40 వస్తుందో ఒకసారి చూసుకుని మంచం కాలి మీద మార్కర్‌తో రాసిపెట్టండి. రాత్రిపూట ఎవరు తిప్పినా తప్పు జరగదు.

రెంచి_రాజు
మాస్టారు వాడినది కొనమన్నారు కాబట్టి షాపులో ఏం చూడాలో రాస్తా. పెయింటు చూసి మోసపోకండి, పాత మంచాలకు స్ప్రే కొట్టే అమ్ముతారు.

ఖాళీ మంచం హ్యాండిల్ తిప్పితే ఏదైనా వెన్నలా తిరుగుతుంది. 70 కిలోల మనిషిని పడుకోబెట్టి తిప్పండి. సగం లేచాక ఆపి రెండు నిమిషాలు వదిలేయండి. వీపు పలక తనంతట తాను కిందికి దిగినా, ‘టక్’మని జారినా లోపలి పెద్ద మర (స్క్రూ) అరిగిపోయిందని అర్థం. గ్రీజు పెడితే సర్దుకుంటుందని అంటాడు, సర్దుకోదు. మర, నట్టు రెండూ మార్చాల్సిందే. తర్వాత కింద పడుకుని టార్చి వేసి వీపు పలక మడతబందు దగ్గర వెల్డింగ్ చూడండి. వెంట్రుకంత చీలిక కనిపించినా వదిలేయండి. తుప్పు కాళ్ల అడుగున, చిల్లుల రేకు అంచుల్లో మొదలవుతుంది. వేలితో నొక్కితే పొరలు రాలకూడదు. చక్రాల్లో కనీసం రెండింటికి బ్రేకులుండాలి, అవీ ఎదురెదురు మూలల్లో. బ్రేకు వేసి తుంటితో గట్టిగా తోసి చూడండి.

రెయిలింగ్ కడ్డీల మధ్య, రెయిలింగ్‌కూ పరుపుకూ మధ్య సందు 12 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండాలి. అంతకంటే ఎక్కువైతే తల ఇరుక్కుంటుంది. పరుపు వెడల్పు మంచం కంటే తక్కువైనప్పుడే రెయిలింగ్ పక్కన సందు పడుతుంది.

పరుపు మాత్రం వాడినది తేవద్దు. రెక్సిన్‌కు సూది మొనంత చిల్లున్నా లోపల స్పాంజి మూత్రం పీల్చి ఉంటుంది.

కృష్ణలంక_కుర్రాడు
చాలా ఉపయోగపడుతోందండీ. రెండు అనుమానాలు. గది తలుపు లోపలి వెడల్పు 30 అంగుళాలే, మంచం 36. పడుతుందా? ఎయిర్ బెడ్ తప్పనిసరా?

రెంచి_రాజు
తల పలక, కాళ్ల పలక ఊడదీస్తే ఫ్రేమును పక్కకు తిప్పి లోపలికి పంపొచ్చు, 30 చాలు. ఆరున్నర అడుగుల ఫ్రేము తిరగాల్సింది మెట్ల మలుపులో, కొలత అక్కడ తీయండి. బోల్టులు మూడు నెలలకోసారి బిగించాలి.

వార్డు_సిస్టర్
తనే తిరగగలిగితే ఎయిర్ బెడ్ అక్కర్లేదు, మీకు రెండున్నర అంగుళాల ఎత్తు ఆదా. కదలలేకపోతే తప్పనిసరి, అప్పుడు కూడా రెండు గంటలకోసారి పక్క మార్చడం ఆగకూడదు. పంపుకు పట్టే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టర్ లైనుకే పెట్టండి. కరెంటు పోతే గాలి దిగిపోయి మనిషి అడుగుకు ఆనుతుంది. బెడ్ కింద అరచేయి పెట్టి పిర్ర ఎముకకు కింద అంగుళం గాలి మిగిలిందో లేదో రోజూ చూడండి.

లెక్కల_మాస్టారు
ప్రభుత్వం వైపు నుంచి ఏమైనా వస్తుందా అని కొందరు అడుగుతారు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తారు. మంచానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు, వాకర్ ఖర్చు మాత్రం మిగలొచ్చు.

కృష్ణలంక_కుర్రాడు
కొలిచాను. మోకాలి మడత దాకా 15½. షాపులో వాడిన మంచం రేకు దాకా 21, పరుపు 4. మొత్తం 25!

రెంచి_రాజు
చక్రాలు ఊడదీసి కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయించండి. అయిదు అంగుళాల చక్రమైతే బిగింపుతో కలిపి అయిదున్నర దాకా తగ్గుతుంది. పరుపుతో పందొమ్మిదిన్నర. మనిషి కూర్చుంటే స్పాంజి ఇంకో అంగుళం నొక్కుకుంటుంది.

ఫిజియో_గుంటూరు
నాకు ఇది పూర్తిగా నచ్చలేదు. పద్దెనిమిదిన్నర ఎత్తులో వంగి వంగి డైపర్ మార్చేవాళ్ల నడుము పోతుంది. పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లకైతే చక్రాలు అసలు తీయొద్దు, అక్కడ 28 అంగుళాలే నయం.

వార్డు_సిస్టర్
ఈవిడ లేచి నడవాల్సిన మనిషి కదండీ, దిగడమే ముఖ్యం. చూసుకునేవాళ్లు స్టూలు వేసుకుని కూర్చుని చేయొచ్చు. కిందికి జారిన మనిషిని తల వైపు జరపడానికి భుజాల నుంచి తొడల దాకా అడ్డంగా పాత నేత పంచె మడిచి పరవండి. ఇద్దరు చెరో అంచూ చుట్టి పట్టుకుని ఒకేసారి జరపాలి, చంకల కింద చేతులేసి లాగొద్దు. కుర్రాడు గారూ, డబ్బు కట్టే ముందు మీ ఇంట్లో ఆవిడంత ఎత్తున్న వాళ్లెవరినైనా షాపుకి తీసుకెళ్లి, చక్రాలు తీయించిన మంచం అంచున కూర్చోబెట్టండి. మడమలతో సహా పాదం పూర్తిగా నేలకు ఆనాలి. వేళ్లు మాత్రమే ఆనితే 3 అంగుళాల గట్టి పరుపు అడగండి.