ఎల్‌డీఏపీ అకౌంట్ మేనేజర్‌లో సొంత టూల్‌ను చేర్చడం ఎలా?

ల్యాబ్‌_గుంటూరు:
మా ఇంజనీరింగ్ కళాశాల ఖాతాలన్నీ ఓపెన్‌ఎల్‌డీఏపీ డైరెక్టరీలో (వాడుకరుల వివరాలను ఒకేచోట దాచే సర్వర్‌లో) ఉన్నాయి. వాటి నిర్వహణ అంతా ఎల్‌డీఏపీ అకౌంట్ మేనేజర్ (లామ్) ద్వారా బ్రౌజర్‌లోనే జరుగుతోంది. చివరి సంవత్సరం విద్యార్థులు వెళ్లేముందు, గడువు ముగియబోతున్న ఖాతాల జాబితాను ప్రతి విభాగానికీ ఇవ్వాలి. దాన్ని నేను కమాండ్ లైన్‌లో తీస్తున్నాను గాని, నేను సెలవులో ఉంటే కార్యాలయ సిబ్బందికి ఆ పని సాగడం లేదు. లామ్ టూల్స్ పేజీలో దీన్ని ఒక టూల్‌గా చేర్చవచ్చునా? చేర్చినది అప్‌గ్రేడ్‌లో పోకుండా ఉంటుందా?

బెజవాడ_సిస్టమ్స్:
చేర్చవచ్చునండి, ఉన్న ఫైళ్లలో దేన్నీ ముట్టుకోనక్కరలేదు. లామ్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది. లిబ్ లోపలి టూల్స్ ఫోల్డర్‌లో ఉన్న ఇంక్ ఫైళ్లను (.inc తో ముగిసే పీహెచ్‌పీ ఫైళ్లను) అది తానే చదువుకుని, లామ్‌టూల్ ఇంటర్‌ఫేస్‌ను (టూల్‌లో ఏయే ఫంక్షన్లు ఉండాలో చెప్పే నమూనాను) అమలుచేసే క్లాసులను టూల్స్ పేజీలో చూపిస్తుంది. టూల్ పేరు, వివరణ, లింకు, బొమ్మ, వరుసలో స్థానం, రాసే హక్కు కావాలా అన్న విషయం, ఇవన్నీ ఆ క్లాసులోని ఫంక్షన్లే చెప్పాలి. మీది కేవలం జాబితా కనుక రాసే హక్కు అక్కరలేదని చెప్పండి.

అసలు పేజీని టెంప్లేట్స్ లోపలి టూల్స్ ఫోల్డర్‌లో పెట్టండి. దాని మొదట్లోనే సురక్షిత సెషన్ తెరవడం, లాగిన్ అయ్యారో లేదో చూడడం, ఆ టూల్‌ను సర్వర్ ప్రొఫైల్‌లో (లామ్ సెట్టింగుల్లో) దాచిపెట్టలేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి. మెనూలో కనిపించకపోయినంత మాత్రాన పేజీకి కాపలా ఉన్నట్టు కాదు, చిరునామా తెలిసినవారు నేరుగా తెరవగలరు. సర్వర్ సమాచారం చూపే టూల్ ఇప్పటికే ఉంది, దాన్ని నకలు చేసి మార్చుకోవడమే నా దృష్టిలో దగ్గరి దారి.

డైరెక్టరీ_పాఠకుడు:
ఒక చిక్కు ముందే చెబుతాను. ఖాతా గడువును దాచే షాడోఎక్స్‌పైర్ అనే గుణం (డైరెక్టరీలోని ఒక గడి) విలువ తేదీ కాదు, 1970 జనవరి 1 నుండి గడిచిన రోజుల లెక్క. అంటే 2026 మే 31 అక్కడ 20604 అవుతుంది. 'ఇంతకంటే తక్కువ' అని ఫిల్టర్‌లో అడగాలనిపిస్తుంది గాని, ఓపెన్‌ఎల్‌డీఏపీతో వచ్చే నిస్ స్కీమాలో (ఇలాంటి గుణాలను నిర్వచించే ఫైలులో) ఆ గుణానికి సమానత్వ నియమమే తప్ప హెచ్చుతగ్గుల నియమం లేదు. అందుచేత దోష సందేశమేమీ లేకుండానే ఖాళీ జాబితా వస్తుంది, మనం ఖాతాలే లేవనుకుంటాము. విలువ ఉన్న ఖాతాలన్నీ తెచ్చుకుని పోలికను పీహెచ్‌పీలో చేయండి. అక్కడ గుణాల పేర్లు చిన్న అక్షరాల్లోకి మారి వస్తాయని గుర్తుంచుకోండి.

ల్యాబ్‌_గుంటూరు:
ధన్యవాదాలండి. కార్యాలయ సిబ్బంది తమ ఖాతాతో లాగిన్ అయితే, ఈ టూల్ వారికి మొత్తం డైరెక్టరీని చూపిస్తుందా?

బెజవాడ_సిస్టమ్స్:
లాగిన్ అయినవారి హక్కులతోనే వెతుకుతుంది కనుక, వారికి ఓపెన్‌ఎల్‌డీఏపీ నియమాలు చూడనిచ్చినంతే కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ సంగతి: డెబియన్ లినక్స్ ప్యాకేజీగా పెట్టుకుంటే, అది తనవి కాని ఫైళ్లను తొలగించదు. టార్ ఫైలుతో కొత్త ఫోల్డర్‌లో పెట్టేవారైతే మాత్రం క్లాసు ఫైలు, పేజీ ఫైలు రెండింటినీ మీరే అక్కడికి మోసుకెళ్లాలి.