‘షరతులు లేని ప్రేమ’ – సభల ఫ్లెక్సీకి ఏ మాట బాగుంటుంది?

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ వందనాలు. వచ్చే వారం మా సంఘంలో ఉజ్జీవ కూటాలు. ఫ్లెక్సీ మీద "షరతులు లేని దేవుని ప్రేమ" అని వేద్దామని యూత్ అంతా అనుకున్నాం. సంఘ పెద్దల్లో ఒకాయన "అది కోర్టు కాగితాల్లో మాట, బైబిలు వాక్యంలో మాట కాదు" అని ఆపేశారు. పోనీ "నిబంధనలు లేని ప్రేమ" అంటే సరిపోతుందా? రేపు సాయంత్రంలోపు ప్రింటింగ్‌కి ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.

పటమట, విజయవాడ:
తమ్ముడూ, నిబంధన జోలికి మాత్రం పోకు. పేపర్లో నిబంధన అంటే రూలు. మన దగ్గర పాత నిబంధన, కొత్త నిబంధన, అంటే దేవుడు మనుషులతో చేసుకున్న ఒడంబడిక. లోపల పాస్టరుగారు ప్రభువు బల్ల దగ్గర నిలబడి "నా రక్తము వలననైన క్రొత్త నిబంధన" అని చదువుతారు, బయట గేటుకి "నిబంధనలు లేని" అని వేలాడుతుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

గవర్నర్‌పేట:
షరతులు అన్నా చిక్కేనండి. బీసెంట్ రోడ్డులో డిస్కౌంట్ బోర్డుల కింద కనీకనపడని అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని ఉంటుందే, నాకు ముందు అదే గుర్తొస్తుంది.

అరండల్‌పేట, గుంటూరు:
"నిర్హేతుక కృప" అని ఒక మాట ఉంది. శ్రీవైష్ణవ ఆచార్యులు వాడింది. జీవుడిలో ఏ కారణమూ వెతక్కుండా భగవంతుడు చూపే దయ. అర్థం చక్కగా అతుకుతుంది. కాకపోతే ఫ్లెక్సీ మీద వేస్తే సగం మందికి నోరు తిరగదు.

కొత్తపేట, గుంటూరు:
బాబూ, మీ పెద్దాయన అన్నది కొంతవరకు నిజమే. షరతు ఉందా లేదా అన్న లెక్కలో రోమా పత్రిక రాసిన పౌలు మాట్లాడలేదు. ఎప్పుడు ప్రేమించాడు అన్నదే చెప్పాడు. రోమా 5:8 తీసి చూడు: "అయితే దేవుడు మనయెడల తన ప్రేమను వెల్లడిపరచుచున్నాడు; ఎట్లనగా మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను." ఆ "ఇంకను", ఆ "యుండగానే" రెండూ తీసేసి చదువు, వాక్యం చప్పబడిపోతుంది. మారాక కాదు, మారతామన్న హామీ పుచ్చుకునీ కాదు. తప్పిపోయిన కుమారుడి కథలోనూ (లూకా 15:20) ఇదే "ఇంక" ఉంది: "వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి కనికరపడి, పరుగెత్తి..." కొడుకు దారంతా బట్టీపట్టుకొచ్చిన క్షమాపణ ఒక్క ముక్కైనా నోట్లోంచి రాలేదు, ఈలోపే ముసలాయన పరుగు.

గుంటూరు లూథరన్ ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర ఇక్కడికి వచ్చింది 1842లోనే. ఆ లూథరన్ల మూలపురుషుడు మార్టిన్ లూథర్ విశ్వాసం నేర్పడానికి 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో తిండి, బట్ట, ఇల్లు, పొలం అన్నీ వరసగా చెప్పి, ఇవన్నీ దేవుడిచ్చింది నాలో ఏ అర్హతా యోగ్యతా ఉండి కాదు అంటాడు.

పటమట:
మాస్టారూ, ఒక సందేహం. యోహాను 15:10లో "నా ఆజ్ఞలు గైకొనినయెడల నా ప్రేమయందు నిలిచియుందురు" అని ఉంది కదా. అది షరతు కాకపోతే ఏమిటి?

కొత్తపేట:
షరతే. ఎందుకు కాదు? కాకపోతే ఆ షరతు "నిలిచియుందురు"కి. పైన తొమ్మిదో వచనంలోనే "మిమ్మును ఆలాగు ప్రేమించితిని" అని అయిపోయింది. ప్రేమించడం ఆయన పని, దాంట్లో ఉండటం మన పని. యోహాను 3:16 తెలుగులో చూసినా "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" దగ్గర వాక్యం ముగుస్తుంది, చుక్క పడుతుంది. "విశ్వాసముంచు ప్రతివాడును" అన్నది దాని తర్వాతి వాక్యంలో, నిత్యజీవం సంగతి చెప్పేటప్పుడు వస్తుంది.

నువ్వు అడిగావు కాబట్టి ఇంకొకటి. "గైకొనినయెడల"లో ఉన్న ఎడలే "మనయెడల తన ప్రేమను"లోనూ ఉంది. ఎడ అంటే చోటు, సందర్భం. క్రియ పక్కన చేరితే "అయితే" అని షరతు పెడుతుంది, మనిషి పక్కన చేరితే "పట్ల" అవుతుంది. వ్యాకరణంలో ఇది మామూలు సంగతే, దీని మీద వేదాంతం కట్టక్కర్లేదు. నాకు సరదాగా అనిపించి చెప్పాను.

గవర్నర్‌పేట:
రోమా 3:24లో "ఉచితముగా" అని ఉంది. అలాగని "ఉచిత ప్రేమ" అని వేసేరు, ఎలక్షన్ పథకం అనుకుంటారు జనం!

బ్రాడీపేట:
మాస్టారూ, పెద్దాయనకి మీ జవాబు చదివి వినిపించాను. "మనమింకను పాపులమై యుండగానే" అని పెద్దక్షరాల్లో, కింద "రోమా 5:8" అని వేద్దామన్నారు. షరతుల మాటే వద్దట. "యుండగానే" కలిపి రాయాలా, విడిగానా?

కొత్తపేట:
కలిపే. డీటీపీ దగ్గర చోటు చాలలేదని "యుండగా" ఒక లైన్లో, "నే" కింద లైన్లో వేసేస్తారు. ప్రూఫ్ చూడకుండా సరే అనకు.