గొంతులో అడ్డుపడినట్టు ఉంటే ఎండోస్కోపీ దేనికి?

ప్రశ్న – గాజువాక నుంచి ఒక ఉపాధ్యాయురాలు

నమస్కారమండి. నేను హైస్కూలులో సాంఘిక శాస్త్రం చెబుతాను. వేసవి సెలవుల తరువాత బడి తెరిచినప్పటి నుంచి గొంతులో ఏదో ముద్ద అడ్డుపడినట్టు ఉంటోంది. రెండో పీరియడ్ పూర్తయ్యేసరికి గొంతు బొంగురుపోతోంది, మాటిమాటికీ సవరించుకోవలసి వస్తోంది. గుండెల్లో మంట, పుల్లత్రేన్పులు దాదాపుగా లేవు. చెవి ముక్కు గొంతు డాక్టరుగారు నోట్లోంచి కెమెరా పెట్టి చూసి, స్వరపేటిక వెనుక భాగం ఎర్రబడిందనీ, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడమే కారణమనీ చెప్పి ఆమ్లాన్ని తగ్గించే ప్యాంటాప్రజోల్ బిళ్లలు రాశారు. కొంత నెమ్మదించినట్టే ఉండి మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు ఎండోస్కోపీ చేయించుకోమంటున్నారు. ఒకసారి కెమెరాతో చూశాక మళ్లీ ఇదెందుకు? ఇందులో కచ్చితంగా తేలుతుందా? బిళ్లలు వేసుకుంటూనే వెళ్లవచ్చా?

జవాబు – ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అమ్మా, నాదీ ఇంచుమించు ఇదే బాధ. ఎండోస్కోపీలో అన్నవాహిక, కడుపు శుభ్రంగా ఉన్నాయని రాశారు. దాంతో ఇంట్లో వాళ్లందరూ అది నా అనుమానమేనని తేల్చేశారు. డాక్టరుగారు మాత్రం అక్కడితో ఆగకుండా 24 గంటల ఆమ్ల పరీక్ష చేయించారు. ముక్కులోంచి సన్నని తీగలాంటి గొట్టాన్ని అన్నవాహికలోకి దింపి, చెంప మీద ప్లాస్టరు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి ఇంటికి పంపేశారు. తిన్నప్పుడు, పడుకున్నప్పుడు, దగ్గు వచ్చినప్పుడు దాని మీద మీట నొక్కాలి. ఆ పెట్టెతోనే సాయంత్రం బీచ్ రోడ్డులో నడిచాను, రాత్రి ఎప్పటిలాగే పులుసన్నం తిన్నాను. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమన్నారు మరి. నా ఆమ్లం పగటికన్నా రాత్రి పడుకున్నాకే ఎక్కువగా పైకి వస్తోందని ఆ లెక్కల్లో బయటపడింది. కాబట్టి రిపోర్టు బాగుందంటే ఊరట పడండి గాని, బాధకు కారణం లేదనుకోకండి.

జవాబు – జీర్ణకోశ వ్యాధుల విభాగంలో పనిచేసే వైద్యుడు

పై మాట నిజం. మిమ్మల్ని చూడకుండా మీ జబ్బు ఇదని నేను చెప్పలేను గాని, ఈ పరీక్షలు ఏది చెప్పగలవో, ఏది చెప్పలేవో వివరిస్తాను.

మొదట గొంతులో చూసిన ఎరుపు సంగతి. అది ఆమ్లం వల్ల రావచ్చు, రోజంతా గట్టిగా మాట్లాడేవారికి రావచ్చు, అలర్జీ వల్ల ముక్కు వెనుక నుంచి కఫం జారేవారికీ పొగ తాగేవారికీ రావచ్చు, ఏ బాధా లేనివారిలో కూడా కనిపించవచ్చు. అందుకే స్వరపేటికను చూసినంత మాత్రాన ఆమ్లమే కారణమని నిర్ధారించకూడదని అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని ఆ పరీక్ష వృథా కాదు. స్వరతంత్రుల మీద బుడిపెలు, పుండ్లు, గడ్డలు లేవని తెలిసేది దానితోనే.

ఎండోస్కోపీ చూసేది ఆ కింద ఉన్న అన్నవాహికను. ఆమ్లం ఒరిపిడికి లోపలి పొర చిట్లితే ఆ చిట్లులను లాస్ ఏంజెలెస్ వర్గీకరణ ప్రకారం ఎ నుంచి డి వరకు నాలుగు స్థాయిలుగా రాస్తారు. పొడవు 5 మిల్లీమీటర్లు మించకపోతే ఎ, మించితే బి, మడతల మధ్య కలిసిపోయి చుట్టుకొలతలో 75 శాతం లోపు ఉంటే సి, అంతకు చేరినా మించినా డి. బి, సి, డి కనిపిస్తే రిఫ్లక్స్ జబ్బు, అంటే ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు, ఉన్నట్టే లెక్క. ఎ స్థాయి ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది కనుక దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పం. చిక్కేమిటంటే, రిఫ్లక్స్ ఉన్నవారిలో ఎక్కువమందికి పొర చిట్లదు. అప్పుడు ఎండోస్కోపీ మామూలుగా ఉందని రావడం సహజమే, తరువాతి మెట్టు 24 గంటల పరీక్ష. అందులో అన్నవాహిక పి.హెచ్. (ఆమ్లం ఎంత ఉందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4 కన్నా తక్కువగా ఉన్న సమయం మొత్తంలో 6 శాతం దాటితే జబ్బు ఉన్నట్టు, 4 శాతం లోపైతే మామూలుగా ఉన్నట్టు. మీకు గుండెల్లో మంట లేదంటున్నారు గనుక, నెలల తరబడి బిళ్లలు మింగడం కన్నా ఈ పరీక్ష గురించి మీ డాక్టరుగారిని అడగడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక బిళ్లల సంగతి. రోగ నిర్ధారణ కోసమే ఎండోస్కోపీ అయితే రెండు నుంచి నాలుగు వారాల ముందు ప్యాంటాప్రజోల్ ఆపడం మేలు. మందు వేసుకుంటూ వెళ్లడం ఇల్లు తుడిచాక దొంగ అడుగుజాడలు వెతకడం లాంటిది. అయితే ఇదివరకు కడుపులో రక్తస్రావమైనవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ప్యాంటాప్రజోల్‌ను తమంతట తాము ఆపకూడదు, డాక్టరునే అడగాలి. మింగేటప్పుడు మెతుకు ఆగిపోవడం, నొప్పి, బరువు తగ్గడం, రక్తహీనత, నల్లని విరేచనాలు ఉంటే మాత్రం ఈ వారాల లెక్క పెట్టుకోకుండా వెంటనే ఎండోస్కోపీ చేయించుకోవాలి.

మరొక్క మాట. అన్నవాహిక పైభాగంలో కొందరికి పుట్టుకతోనే కడుపు పొర లాంటి చిన్న మచ్చ ఉంటుంది. గొంతులో ముద్ద ఉన్నట్టు అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. గొట్టాన్ని బయటికి తీసేటప్పుడు నిదానంగా చూస్తే తప్ప కనబడదు. మీ ఇబ్బంది గొంతులోనేనని ముందే గుర్తు చేయండి.

జవాబు – ఎండోస్కోపీ గదిలో పనిచేసే స్టాఫ్ నర్సు, మహారాణిపేట

మేడమ్, ముందురోజు రాత్రి పెందలాడే తేలికగా తిని, పరగడుపున రండి. కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు, పాలు కలిపిన కాఫీ, టీ కూడా వద్దు. కదిలే పళ్లున్నా, కట్టుడు పళ్లున్నా ముందే చెప్పండి. గొంతులో చేదుగా ఉండే మందు కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతాం. గొట్టం వేలంత లావు కూడా ఉండదు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ, లాలాజలాన్ని మింగకుండా బయటికి వదిలేస్తే ఓకరింపు తగ్గుతుంది. చూడడానికి పట్టేది కొద్ది నిమిషాలే. మత్తు ఇంజెక్షన్ తీసుకుంటే వెంట ఒకరిని తెచ్చుకోండి, ఆ రోజు బండి నడపకూడదు. గొంతు మొద్దుబారినంతసేపు మంచినీళ్లు కూడా తాగవద్దు, పొలమారుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. బిళ్లలు ఎప్పుడు ఆపాలో అడిగాకే తేదీ తీసుకుంటాను. డాక్టరుగారూ, ఇంకొక్కటి అడగాలి. భీమిలిలో మా పెద్దమ్మకు కూడా గొంతు బొంగురుపోయింది. ఆవిడ అడ్డచుట్ట తాగుతుంది, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నా బిళ్లలే ఆవిడకూ ఇవ్వమంటున్నారు ఇంట్లో. ఇవ్వవచ్చా?

జవాబు – జీర్ణకోశ వ్యాధుల విభాగంలో పనిచేసే వైద్యుడు

ఇవ్వకండమ్మా. పొగ తాగేవారి గొంతు బొంగురుపోతే ఆమ్లం సంగతి తరువాత, ముందు స్వరపేటికను కళ్లారా చూడాలి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు మన తీరంలోని ఆడవాళ్లలో పాతదే, అంగిలి మీద క్యాన్సర్‌కు అది తెలిసిన కారణం. అందువల్ల అంగిలి కూడా చూపించాలి. బిళ్లలతో నాలుగు రోజులు ఊరట కలిగితే చూపించడం ఆలస్యమవుతుంది. ఈ వారంలోనే పెదవాల్తేరులోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రికి తీసుకువెళ్లండి. చుట్ట ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారో అక్కడ దాచకుండా చెప్పమనండి.