మ్యాప్‌లో ఒక పల్లం, కాళ్ల కింద మరో పల్లం: ఓరియంటీరింగ్ పోటీలో చేసిన పొరపాటును ఎలా విశ్లేషించుకోవాలి?

తూర్పుగట్టు (ప్రశ్న):

నమస్కారం. నేను ఓరియంటీరింగ్ పోటీల్లో, అంటే మ్యాప్, దిక్సూచి సాయంతో దారి వెతుక్కుంటూ పరుగెత్తే పోటీల్లో, పాల్గొనడం మొదలుపెట్టి రెండేళ్లు కావస్తోంది. అంతకుముందు చాలాకాలం మైదానంలోనూ రోడ్డుమీదా పరుగెత్తినదాన్ని కాబట్టి కాళ్ల సత్తువ గురించి నాకు పెద్దగా బెంగ లేదు. బెంగ అంతా దారి వెతుక్కోవడం గురించే.

పోయిన పోటీలో జరిగినదాన్ని వివరంగా రాస్తాను. అది అడవిలో పెట్టిన మధ్యదూరపు పోటీ. మ్యాప్ 1:10,000 స్కేలుది, కాంటూర్ గీతల (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 5 మీటర్లు. నాలుగో కంట్రోల్ (వరుసగా చేరవలసిన, జెండా పెట్టిన చోటు) దాకా అంతా సవ్యంగా సాగింది. ఐదో కంట్రోల్ ఒక చిన్న పల్లంలోని బండరాయి పక్కన ఉంది. గట్టు వెంబడి పోయే కాలిబాట మీద వెళ్లి, బాట వంపు తిరిగే చోట దాన్ని వదిలి, దిక్సూచి చూపిన దిశలో 250 మీటర్లు దిగితే అది దొరకాలి. నేను అలాగే చేశాననుకున్నాను. పల్లం కనిపించింది, బండరాయి కనిపించింది, దాని పక్కన నారింజ, తెలుపు రంగుల జెండా కూడా కనిపించింది. తీరా చూస్తే దాని మీది కోడ్ 47, నా కంట్రోల్‌ల కోడ్‌లు ఉండే వివరణ పత్రంలో ఉన్నది 52.

అక్కడి నుంచి నా ఆలోచన అదుపు తప్పింది. కంట్రోల్ ఈ చుట్టుపక్కలే ఉండి తీరుతుందన్న నమ్మకంతో ముందు కిందికి దిగాను, తరువాత ఎడమకు వెళ్లాను, మళ్లీ అదే బండరాయి దగ్గరికి వచ్చాను. చివరికి గట్టు మీది బాటకు తిరిగి ఎక్కి, అక్కడి నుంచి మొదలుపెడితేగానీ కంట్రోల్ దొరకలేదు. అది నేను వెతికిన పల్లానికి తూర్పున, సుమారు 120 మీటర్ల దూరంలో, అచ్చం అలాంటిదే అయిన మరో పల్లంలో ఉంది. ఆ ఒక్క లెగ్‌కు (ఒక కంట్రోల్ నుంచి తరువాతి కంట్రోల్ దాకా ఉన్న భాగానికి) నాకు 16 నిమిషాల 30 సెకన్లు పట్టింది. పోయిన సమయాన్ని రాబట్టుకోవాలన్న ఆత్రంతో ఆరో కంట్రోల్‌కు పరుగెత్తి, అక్కడా తడబడ్డాను.

నా సందేహాలు రెండు. ఇలాంటి పొరపాటును ఇంటికి వచ్చాక ఏ విధంగా విడదీసి చూస్తే మళ్లీ చేయకుండా ఉండగలం? నిదానంగా వెళ్లమని అందరూ సలహా ఇస్తున్నారు, అయితే ఎక్కడ, ఎంత నిదానం అన్నది ఎవరూ చెప్పడం లేదు. అనుభవం ఉన్నవారు తెలియజేస్తే కృతజ్ఞురాలిని.

కాంటూర్‌గీత (జవాబు):

మీరు వివరించినదాన్ని మేము సమాంతర పొరపాటు అంటాము. ఒకే పోలికతో పక్కపక్కన ఉన్న రెండు పల్లాల్లో, రెండు గట్టు మొనల్లో, లేదా రెండు బాటల్లో ఒకదానిలో ఉండి మరొకదానిలో ఉన్నామని నమ్మడమే అది. దీనితో వచ్చే చిక్కు ఏమిటంటే, నేల చాలావరకు మ్యాప్‌కు సరిపోతూనే ఉంటుంది. పూర్తిగా వేరే చోట ఉంటే అనుమానం వెంటనే వస్తుంది. ఇక్కడ పల్లం ఉంది, రాయి ఉంది, జెండా కూడా ఉంది. మనసు ఒకసారి తీర్పు చెప్పేశాక కళ్లు దానికి అనుకూలమైన సాక్ష్యాన్నే ఏరుకుంటాయి, సరిపోనిదాన్ని మ్యాప్ గీసినవారి లోపంగా భావించి పక్కకు నెట్టేస్తాయి.

అందుచేత మీరు అంతసేపు తిరిగిన చోటును ఎంత పరిశీలించినా లాభం లేదు. పొరపాటు అక్కడ జరగలేదు. అది బాటను వదిలిన చోట జరిగింది, మీకు అది పల్లంలో తెలిసింది, అంతే. మ్యాప్ తీసుకుని ఆ బాటను మళ్లీ చూడండి. మీరు దిగవలసిన వంపుకు ముందు, సుమారు 120 మీటర్లు ఇవతల, మరో చిన్న వంపు ఉండి ఉంటుందని నా ఊహ. దిక్సూచిని మీరు తప్పుగా పట్టి ఉండరు. 250 మీటర్ల దూరంలో 10 డిగ్రీలు తప్పినా పక్కకు జరిగేది సుమారు 44 మీటర్లు మాత్రమే. 120 మీటర్ల తేడా రావాలంటే 25 డిగ్రీలకు పైగా తప్పాలి, మీరు చెప్పిన తీరును బట్టి అలా జరిగిందనుకోను. దిశ సరైనదే, బయలుదేరిన చోటు మాత్రం సరైనది కాదు.

కంట్రోల్‌కు దగ్గరలో, తేలికగా గుర్తుపట్టగలిగేదిగా మనం ఎంచుకునే చోటును అటాక్ పాయింట్ అంటాము కదా. దాన్ని ఎంచుకోవడంలో చాలామంది దగ్గరితనాన్ని చూస్తారు గాని, దానికి పోలికగా మరొకటి పక్కన ఉందా అన్నది చూడరు. వంపు కన్నా బాటల కూడలి మేలు, రెండు వంపులున్న బాట మీద వంపును ఎంచుకోవలసి వస్తే మొదటిదాన్ని దాటినప్పుడు దాన్ని లెక్కపెట్టి తీరాలి.

రెండు పల్లాలు ఎంత పోలికగా ఉన్నా అన్ని విధాలా ఒకటి కావు. ఒకటి ఉత్తరానికి దిగుతుంటే మరొకటి ఈశాన్యానికి దిగుతుంది, ఒకటి రెండు కాంటూర్ గీతల లోతుంటే మరొకటి ఒక్క గీతతో ఆగిపోతుంది. పల్లంలో అడుగుపెట్టిన వెంటనే దిక్సూచిని ఆ పల్లం వాలిన దిశకు పట్టి చూసే అలవాటు చేసుకోండి. ఓరియంటీరింగ్ మ్యాప్ మీది ఉత్తర రేఖలను అయస్కాంత ఉత్తరానికే గీస్తారు కాబట్టి ఏ సవరణా చేయనవసరం లేదు, మూడు సెకన్ల పని. ఎన్నో సమాంతర పొరపాట్లను ఆ మూడు సెకన్లే బయటపెడతాయి.

నెమ్మదిపాదం (జవాబు):

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది స్ప్లిట్ సమయాల గురించి, అంటే ఒక్కొక్క లెగ్‌కు పట్టిన సమయాల గురించి.

పోటీ ముగిశాక అందరూ మొదట చూసేది పెద్ద నష్టాన్నే. మీ విషయంలో దాన్ని లెక్కకట్టడం సులభం. పొరపాటు లేకుండా పరుగెత్తిన లెగ్‌లలో మీ సమయం అందరికన్నా వేగంగా వెళ్లినవారి సమయానికి ఎన్ని రెట్లుందో చూడండి. ఉదాహరణకు అది 1.4 రెట్లు అనుకుందాం. ఐదో కంట్రోల్‌కు అతి తక్కువ సమయం 4 నిమిషాలైతే మీకు 5 నిమిషాల 36 సెకన్లు పట్టాలి. మీకు పట్టింది 16 నిమిషాల 30 సెకన్లు. అంటే పోయినది 10 నిమిషాల 54 సెకన్లు. ఇదే లెక్కను మిగతా లెగ్‌లన్నిటికీ వేయండి. బాగానే చేశానని మీరు అనుకున్న లెగ్‌లలో కూడా పాతిక, ముప్పై సెకన్ల చొప్పున పోయిన చోట్లు బయటపడతాయి. కంట్రోల్‌లో పంచ్ చేశాక (వచ్చినట్టు నమోదు చేసుకున్నాక) ఎటు వెళ్లాలో తేల్చుకోలేక నిలబడిన సెకన్లు, మ్యాప్ మీద కంట్రోల్ చుట్టూ గీసిన వలయంలోకి వచ్చాక జెండా కోసం అటూ ఇటూ చూసిన సెకన్లు అవి. పెద్ద పొరపాటు మూడు పోటీలకు ఒకసారి జరుగుతుందేమో, ఇవి మాత్రం ప్రతి పోటీలోనూ జరుగుతాయి.

అయితే అంకెలు ఎంత పోయిందో చెబుతాయి, ఎందుకు పోయిందో చెప్పవు. దానికోసం పోటీ అయిన రోజే, ఇతరులతో మాట్లాడకముందే, మ్యాప్ మీద మీరు వెళ్లిన దారిని జ్ఞాపకం నుంచి గీయండి. ఇతరుల మాటలు విన్న తరువాత మన జ్ఞాపకం వారి దారికి తగినట్టుగా మారిపోతుంది. జీపీఎస్ గడియారం నమోదు చేసిన దారిని ఆ తరువాతే తెరిచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు గీసిన గీతకూ అది గీసిన గీతకూ ఎక్కడ ఎడం మొదలైందో అక్కడే మీ పొరపాటు పుట్టింది. ఆ చోట ఒక గుర్తు పెట్టి, అప్పుడు మీ మనసులో ఏముందో ఒక వాక్యం రాయండి. మొదటి అనుమానం ఎక్కడ కలిగిందో కూడా రాయండి. నా పాత మ్యాపులన్నిటిలోనూ అనుమానం కలిగిన చోటుకూ నేను ఆగిన చోటుకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని తగ్గించడమే నా సాధనలో ప్రధాన భాగమైంది.

ఇక నిదానం గురించి. మన పెద్దలు నిదానమే ప్రధానం అన్నారు, ఈ ఆటలో నేను దాన్ని అక్షరాలా పాటిస్తాను.

మ్యాప్‌పరుగు (జవాబు):

నెమ్మదిపాదం గారి విశ్లేషణ పద్ధతి ఎంతో విలువైనది. నిదానం విషయంలో మాత్రం నేను గౌరవపూర్వకంగా విభేదిస్తున్నాను, ఎందుకంటే ఆలస్యం అమృతం విషం అన్నదీ ఆ పెద్దలే. పోటీ అంతటా ఒకే నిదానంతో వెళ్లేవారు పొరపాట్లు చేయకపోయినా, ఎప్పుడు జాగ్రత్తపడాలో నేర్చుకోరు. వేగాన్ని మార్చడమే అసలు నైపుణ్యం. దీన్ని ట్రాఫిక్ దీపాలతో పోల్చి నేర్పే పద్ధతి చాలాకాలంగా ఉంది. బాట మీద, కంచె వెంబడి, వాగు వెంబడి వెళ్తున్నంతసేపూ ఆకుపచ్చ. అక్కడ శక్తికొద్దీ పరుగెత్తాలి, ఆ సమయంలోనే తరువాతి లెగ్‌ను చదువుకోవాలి. అటాక్ పాయింట్ దగ్గరపడుతున్నప్పుడు పసుపు. అది దాటి కంట్రోల్ వలయంలోకి ప్రవేశించేటప్పుడు ఎరుపు, అంటే ఒక్కొక్క గుర్తునూ మ్యాప్‌తో సరిచూసుకుంటూ, అవసరమైతే నడుస్తూ వెళ్లాలి. ఎంత నిదానం అని మీరు అడిగారు కనుక నా కొలత చెబుతాను: బొటనవేలు మ్యాప్ మీద నేనున్న చోటనే కదులుతున్నంత వేగమే నాకు తగిన వేగం. వేలు వెనకబడిపోతే నేను మితిమీరిన వేగంతో వెళ్తున్నట్టే.

మీరు 47 కోడ్‌ను చూసిన క్షణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పోటీ మొత్తంలో మీకు దొరికిన అతి మంచి సమాచారం అదే. కోడ్‌ను సరిచూసుకున్నందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను. వేరే కోడ్ ఉన్నచోట పంచ్ చేసి వెళ్లిపోయి, తమ కంట్రోల్‌ను వదిలేసినందుకు ఫలితం కోల్పోయినవారిని ఎంతోమందిని చూశాను. అయితే ఆ జెండా మీకు మరొకటి కూడా చెప్పింది. ఇది మరో కోర్సుకు (వేరే పోటీదారుల కంట్రోల్‌ల వరుసకు) చెందిన కంట్రోల్, ఇలాంటి రాయి ఉన్న మరో పల్లంలో ఉంది అని. అప్పుడు మీరు ఆగి, మ్యాప్‌ను ఉత్తరానికి తిప్పి, బండరాయి ఉన్న పల్లాలు ఎన్ని ఉన్నాయో చూసి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. చుట్టుపక్కలే ఉంటుందన్న నమ్మకంతో వెతకడం మొదలుపెట్టిన తరువాత, ఉన్న చోటు కూడా చేజారిపోతుంది.

దారి తప్పామని తెలిసినప్పుడు నేను పాటించే క్రమం ఇది. ముందు పూర్తిగా ఆగుతాను, నడవడం కూడా మానేస్తాను. తరువాత రాళ్లనూ చెట్లనూ వదిలి, నేల పెద్ద రూపాన్ని చూస్తాను: వాలు ఏ దిక్కుకు ఉంది, ఎత్తైన గట్టు ఎటు ఉంది. చిన్న గుర్తులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి గాని గట్టు ఒక్కటే ఉంటుంది. ఆపైన, నేను ఎక్కడ ఉన్నానో ఖచ్చితంగా తెలిసిన చివరి చోటును గుర్తుచేసుకుని, అక్కడి నుంచి ఎంతసేపు, ఎటు వచ్చానో లెక్కవేస్తాను. ఒక నిమిషంలోగా తేలకపోతే బాటకో, వాగుకో, తప్పకుండా గుర్తుపట్టగలిగే మరో గీతకో తిరిగి వెళ్తాను. మీరు చివరికి చేసినది సరిగ్గా ఇదే. కాకపోతే పది నిమిషాల తరువాత చేశారు.

ఆరో కంట్రోల్ దగ్గర మీ తడబాటు కూడా ఐదో కంట్రోల్ పొరపాటులో భాగమే. పోయిన సమయం తిరిగి రాదు. అది ఒప్పుకోవడానికి చాలా బాధగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది. అందుకే పెద్ద పొరపాటు తరువాత దొరికిన కంట్రోల్‌లో పంచ్ చేశాక, తరువాతి లెగ్‌ను పైకి వినబడేలా చెప్పుకుని గాని కదలను: ఎటు బయలుదేరుతున్నాను, ఏది నన్ను ఆపుతుంది, ఎక్కడి నుంచి కంట్రోల్‌లోకి వెళ్తాను.

తూర్పుగట్టు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కాంటూర్‌గీత గారి ఊహ నిజమైంది. నిర్వాహకుల అనుమతితో నిన్న అదే మ్యాప్ పట్టుకుని ఆ లెగ్‌ను నడిచి చూశాను. బాట మీద రెండు వంపులు ఉన్నాయి. మొదటి వంపు దగ్గరకు చేరినప్పుడు నేను మ్యాప్‌ను చూడడం లేదు, ముందు వెళ్తున్న మరో పోటీదారును చూస్తున్నాను. ఆయన అక్కడ బాట వదిలి దిగడంతో నేను కూడా దిగాను. వారిది వేరే కోర్సు అని, 47 వారి కంట్రోల్ అని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సంగతిని నా ప్రశ్నలో రాయనే లేదు, ఎందుకంటే బాటను నేనే ఎంచుకుని వదిలానని మనస్ఫూర్తిగా నమ్మాను. మ్యాప్ మీద నా దారిని గీస్తూ ఆ వంపు దగ్గరకు వచ్చినప్పుడు పెన్సిల్ ఆగిపోయింది, అప్పుడు గుర్తుకొచ్చింది.

రెండు పల్లాలూ వేరని కూడా చూశాను. నాది మూడు గీతల లోతుంది, పొరపాటున దిగినది ఒక్క గీతే. ఇంత తేడా ఆ రోజు కంటికి కనిపించకపోవడం నన్ను చాలా కలవరపెట్టింది.

మరొక్క సందేహం. మొదటి వంపు నుంచి రెండో వంపుకు 120 మీటర్లున్నప్పుడు అడుగులు లెక్కపెట్టి ఉంటే తెలిసేది కదా. ఇప్పటిదాకా నేను అడుగులు లెక్కపెట్టలేదు. పరుగులో అది ఆచరణలో సాధ్యమేనా?

కాంటూర్‌గీత:

సాధ్యమే, కాకపోతే అన్నిచోట్లా లెక్కపెట్టకండి, అలసిపోతారు. బాటను వదిలి గుర్తులు తక్కువగా ఉన్న అడవిలోకి దిగేటప్పుడు, మీకు జరిగినట్టు పోలిక వంపులున్నప్పుడు లెక్కపెడితే చాలు. కుడికాలు నేలను తాకిన ప్రతిసారీ ఒకటి అని లెక్కించండి. ముందుగా 100 మీటర్ల దూరాన్ని కొలిచిపెట్టుకుని, పోటీలో వెళ్లే వేగంతోనే బాట మీద ఒకసారి, అడవిలో ఒకసారి, ఎక్కుడులో ఒకసారి పరుగెత్తి మూడు లెక్కలు విడివిడిగా రాసుకోవాలి. నాకు బాట మీద 40, అడవిలో 48, ఎక్కుడులో 60 దాటుతుంది. ఒకే అంకెతో అన్నిచోట్లా లెక్కవేసేవారు ఎక్కుడులో తప్పకుండా ముందే ఆగిపోతారు. ఆ మూడు అంకెలనూ చిన్న కాగితం మీద రాసి దిక్సూచి పలకకు అతికించుకోండి. అలసిపోయినప్పుడు అవి గుర్తుండవు.